బాబాయి రాసిన రక్తపిశాచి

భీమవరంలో ఇంజనీరింగు చదువుతున్న మా మనవరాలు మొన్న దసరా సెలవులకి వచ్చి, సెలవులన్నీ మంచం దిగకుండా ఒక లావుపాటి ఇంగ్లీషు నవల చదివింది. అట్ట మీద పైన విమానాలు, కింద ఒక తెల్లని మెడ, ఆ మెడ మీద రెండు ఎర్రని చుక్కలు. కథేంటే అని అడిగితే, ఏదో దేశంలో యుద్ధం జరుగుతుంటే ఊరంతా దీపాలార్పుకుని కూచుంటుందట, ఆ చీకట్లో రక్తం తాగేవాడొకడు తిరుగుతుంటాడట, వాణ్ణి తన వయసు పిల్లొకత్తె కనిపెడుతుందట. "నీకు ఇలాంటివి తెలీవులే అమ్మమ్మా, మీ కాలంలో ఇవెక్కడివి?" అంది. నేను నవ్వేశాను గానీ ఆ మాట నిజం కాదు. మా కాలంలోనూ ఇవి ఉండేవి. ఒకటైతే మా ఇంట్లోనే పుట్టింది.

పిఠాపురంలో మాది కిరాణా కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు. ఎండుమిరపకాయల ఘాటూ బెల్లం వాసనా కలిసి మా బట్టలకీ పుస్తకాలకీ కూడా పట్టేసేవి. కాలేజీలో నా పక్కన కూచున్న పిల్ల నా నోట్సు తీసుకుంటే తుమ్మేది. కొట్టు చూసేది నాన్నగారు. ఆయన తమ్ముడు, మా బాబాయి, డిగ్రీ అయి ఉద్యోగం దొరక్క కొట్లో కూచునేవాడు. కూచునేవాడన్న మాటే గానీ ఆయన మనసు బేరాల మీద ఉండేది కాదు. పొట్లాలు కట్టే కాగితాల వెనక కథలు రాసేవాడు. ఒకసారి కథానాయిక గోదాట్లో దూకే ఘట్టం ఎవరింటికో పావుకేజీ శనగపప్పుతో సహా వెళ్ళిపోతే, నన్ను పంపించి తెప్పించుకున్నాడు. ఆయన దస్తూరీ ఆయనకే అర్థమయ్యేది కాదు కనుక శుభ్రంగా ఎత్తి రాసే పని నాది. అప్పుడు నేను ఇంటర్మీడియట్ చదువుతున్నాను.

డెబ్బై ఒకటో సంవత్సరం వానాకాలంలో మా వీధికి ఫైలేరియా ఆయన రావడం మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో మా డెల్టాలో ఏ వీధి చూసినా ఇద్దరు ముగ్గురు బోదకాలు వాళ్ళుండేవారని నా తరం వాళ్ళకి వేరే చెప్పక్కరలేదు. మా నాయనమ్మకి కుడికాలు మోకాలి కింద నుంచి రోకలిలా ఉండేది. ఆవిడ దాన్ని ఒక బరువుగా కాక, ఇంట్లో ఇంకో మనిషిలా చూసుకునేది, వానొస్తే దానికి విడిగా దుప్పటి కప్పేది. ఫైలేరియా ఆయన పని ఏమిటంటే, చీకటి పడ్డాక ఇంటింటికీ వచ్చి వేలి చివర సూదితో గుచ్చి, ఒక్క చుక్క రక్తం గాజుపలక మీద తీసుకుని, ఆ పలకల్ని చెక్కపెట్టెలో సర్దుకుని వెళ్ళడం. సన్నగా, పొడుగ్గా, వినయంగా ఉండేవాడు. నెమ్మదిగా మాట్లాడేవాడు.

"ఏం నాయనా, పగలు రాకూడదా? దొంగలా చీకటి పడ్డాకే వస్తావు?" అని నాయనమ్మ దెప్పింది మొదటిసారి.

"ఆయ్, ఏం చెయ్యమంటారండి మామ్మగారూ! ఆ బోదకాలు పురుగులు పగలు కనబడవండి. మనుషులు పడుకునే వేళకే రక్తంలోకి వస్తాయండి," అన్నాడాయన.

గుమ్మంలో నిలబడ్డ బాబాయి ఆ మాట విన్నాడు. మనిషి పడుకునే వేళకి రక్తంలోకి వచ్చేది ఏదో ఉందన్న ఊహ ఆయన్ని పట్టుకుంది. ఆ వారమే నవల మొదలైంది.

కథాకాలం వెనకటి యుద్ధం నాటిది. కాకినాడ మీద జపాను వాళ్ళ బాంబులు పడ్డప్పుడు జనం మూటాముల్లే కట్టుకుని లోపలి ఊళ్ళకి పారిపోవడం నాయనమ్మ కథలు కథలుగా చెప్పేది. బాబాయి దాన్ని తీసుకున్నాడు. దీపాలార్పేసిన ఊరు. సర్కారు మనిషినని చెప్పుకుంటూ ఒకడు పెట్టె పట్టుకుని తలుపు తడతాడు. ఇంటికొక్క చుక్క తీసుకుంటాడు. బయటికి వెళ్ళి ఆ చుక్కల్ని ఒక్కొక్కటీ నాలిక మీద వేసుకుని చూసి, ఏ ఇంటి రక్తం తియ్యగా ఉంటే ఆ ఇంటికి మళ్ళీ వస్తాడు. ఆ సంగతి ఊళ్ళో పదహారేళ్ళ పిల్ల ఒక్కత్తికే తెలుసు. ఎత్తి రాస్తూ రాస్తూ మధ్యలో లేచి వెళ్ళి తలుపు గడియ చూసుకొచ్చేదాన్ని.

రాజమండ్రిలో ఒక చిన్న ప్రెస్సు ఆయన దాన్ని విడివిడి భాగాలుగా, చౌక కాగితం మీద వేశాడు. అద్దె పుస్తకాల కొట్లలో కుర్రాళ్ళు వరసలు కట్టారు. మా కాలేజీలో ఆడపిల్లలు లెక్కల పుస్తకంలో పెట్టుకుని చదివేవారు. రావులపాలెం నుంచి అరటిగెలల లారీ డ్రైవరొకాయన మా కొట్టు ముందు ఆగి, తర్వాతి భాగం ఎప్పుడండీ అని అడగడం నేను విన్నాను. బాబాయి ఆ రోజంతా కాటాలో బెల్లం బదులు తన చెయ్యే పెట్టేంత పరధ్యానంగా ఉన్నాడు.

అందరికంటే ఎక్కువ సంతోషించింది ఫైలేరియా ఆయన.

"నన్నే రాశారు కదండీ బాబూ! నా పెట్టె, నా సూది, అన్నీ నావేనండి," అన్నాడు మురిసిపోతూ. "మా ఆవిడికి చదివి వినిపిస్తన్నానండి. భయపడిపోయి, నీళ్ళకి లేచినా నన్నే తోడు రమ్మంటంది."

తర్వాత పాకిస్తానుతో నిజం యుద్ధం వచ్చింది. ఆ డిసెంబరు గుర్తున్నవాళ్ళకి బ్లాకౌట్ అంటే ఏమిటో తెలుసు. సముద్రం దగ్గర కావడాన మాకు మరీ గట్టిగా చెప్పారు. కిటికీలకి నల్లకాగితాలు అంటించాం. వీధి దీపాలు ఆపేశారు. బీడీ ముట్టించినా ఎవరో ఒకరు కేకలేసేవారు. ఉప్పాడ నుంచి చేపలు తెచ్చే ఆడవాళ్ళు పెందరాళే గంపలు సర్దుకుని పోయేవారు. రేడియో చుట్టూ మగవాళ్ళు, గదుల్లో గుసగుసగా మేము. బాబాయి నవలలో ఊరూ, మేమున్న ఊరూ ఒక్కటైపోయాయి. ఆయన రాసిన చీకట్లోనే మేము అన్నాలు తిన్నాం.

అప్పుడే పక్క వీధిలో కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల జ్వరంతో పడకేసింది. ముఖం సున్నంలా పాలిపోయిందన్నారు. అది టైఫాయిడ్ అని తర్వాత తేలింది, ఆ పిల్ల లేచి తిరిగింది కూడా. కానీ ఆ రోజుల్లో ఎవరో, ఫైలేరియా ఆయన ఆ ఇంట్లో చుక్క తీసుకున్నాడా అని అడిగారు. తీసుకున్నాడు. మళ్ళీ వచ్చాడా అని అడిగారు. వచ్చాడు, మాత్రలివ్వడానికి. అంతే. మా కాలేజీ కుర్రాళ్ళు కర్రలు పట్టుకుని వీధి కాపలా మొదలుపెట్టారు. శత్రువులు దిగుతారేమోనని పెద్దవాళ్ళకి చెప్పారు. వాళ్ళలో వాళ్ళు చెప్పుకున్నది వేరు. బాబాయి వాళ్ళని నవ్వులాటగా మందలించాడు. "అది కథరా, నేనే కదా రాశాను," అన్నాడు. "మీకు తెలీకుండానే నిజం రాశారేమోనండి," అన్నాడొకడు. బాబాయి ఇంటికొచ్చి ఆ మాట చెప్పినప్పుడు, ఆయన ముఖంలో కంగారుతో పాటు కాస్త గర్వం కూడా కనిపించింది నాకు.

ఫైలేరియా ఆయన్ని కొన్నాళ్ళు రావద్దని చెప్పాలని నాన్నగారూ బాబాయీ అనుకున్నారు. ఆయన ఉండేది ఊరి అవతల. చెప్పేలోపే వచ్చేశాడు. చలికి మంకీ క్యాపు పెట్టుకుని, మూతికి మఫ్లరు చుట్టుకుని, టార్చి అద్దానికి నీలం కాగితం అంటించుకుని వచ్చాడు. బ్లాకౌట్ అయినా పై వాళ్ళు పని ఆపమనలేదట. మేము అప్పుడే అన్నాలు తిని లేచాం. పక్క వీధిలో "దొరికాడు, దొరికాడు" అన్న కేకలూ, వెంటనే గాజు పగిలిన చప్పుడూ వినిపించాయి. బాబాయి చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాడు. నాన్నగారు వద్దని అరుస్తున్నా వినకుండా వెనకాల నేనూ పరిగెత్తాను.

ఏమీ కనిపించలేదు. కర్రలు దేనికో తగులుతున్న చప్పుడు, రొప్పుడు, మధ్యలో ఆ నెమ్మదైన గొంతు, "నేనండి, నేనండి బాబూ," అనడం. బాబాయి ఆ గుంపులో దూరి ఆయన మీద పడిపోయాడు. "ఫైలేరియా ఆయనరా! మన ఫైలేరియా ఆయనరా!" అని అరుస్తూనే ఉన్నాడు, తనకీ దెబ్బలు పడుతూనే ఉన్నాయి. ఎలాగో జేబులోంచి అగ్గిపెట్టె తీసి, ముఖం చూపించడానికి పుల్ల గీశాడు. ఆ వెలుగు ఒక్క క్షణం ఉంది. కింద రక్తంలో పడున్న మనిషి ముఖంకన్నా, చుట్టూ నిలబడ్డవాళ్ళ ముఖాలే నాకిప్పటికీ కళ్ళకి కడుతుంటాయి. ఒక్కడూ పరాయివాడు కాదు. మా కొట్లో అప్పచ్చులు కొనుక్కుని పెరిగిన వాళ్ళే. అంతలో ఎక్కణ్ణించో ఒక పెద్దాయన గొంతు, "ఎవడ్రా అక్కడ? దీపం ఆర్పండి!" అని గద్దించింది. పుల్ల ఆరిపోయింది. మళ్ళీ వెలిగించేసరికి అక్కడ మేము తప్ప ఎవరూ లేరు.

నాన్నగారూ బాబాయీ ఆయన్ని తలుపు చెక్క మీద పడుకోబెట్టి మోసుకొచ్చి, లైట్లకి నల్లరంగు పూసిన టాక్సీలో కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. పగిలిన గాజుపలకలు పొట్టలోకీ చేతుల్లోకీ దిగిపోయాయట. రక్తం కావాలన్నారు. బాబాయిది సరిపోయింది, తీశారు. ఒక్కరిది చాలదు, ఇంకా మనుషుల్ని తీసుకురమ్మన్నారు. నాన్నగారు అదే టాక్సీలో వెనక్కి వచ్చారు.

మా నాన్నగారు ఎవర్నీ ఏదీ అడిగే మనిషి కాదు. ఆయన ఆ చీకట్లో మా వీధిలో ఒక్కో తలుపే తట్టారు. "నేనండి, కొట్టు ఆయన్నండి. కాస్త రక్తం కావాలండి," అన్నారు. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. లోపల గడియలు బిగించుకోవడం నేను మా అరుగు మీంచి విన్నాను. ఒక ఇంట్లో చంటిపిల్ల ఏడుపు మొదలుపెడితే ఎవరో దాని నోరు నొక్కేశారు. చివరికి నాయనమ్మ ఆ కాలీడ్చుకుంటూ వీధిలోకి వచ్చి, "నాది తియ్యండిరా," అంది. నాన్నగారు ఆవిడ భుజం పట్టుకుని ఏడ్చేశారు. ఆయన ఏడవడం నేను చూసింది అదొక్కసారే.

తెల్లారకముందే ఫైలేరియా ఆయన పోయాడు.

పోలీసులు వచ్చారు, అడిగారు, వెళ్ళారు. చీకట్లో ఎవరు కొట్టారో తెలీదని ఊరంతా ఒక్క మాట మీద నిలబడింది. బాబాయి పేర్లు చెప్పాడు. అగ్గిపుల్ల వెలుగులో చూసినది సాక్ష్యం కాదన్నారు. నన్ను ఎవరూ అడగలేదు, అడగనివ్వకుండా నాన్నగారు నన్ను రాజమండ్రిలో మా మేనత్త ఇంటికి పంపించేశారు. ఆ తర్వాత కొద్దిరోజులకే యుద్ధం మనం గెలిచామని రేడియోలో చెప్పారు. మా సెంటర్లో దీపాలు వెలిగించి, మిఠాయిలు పంచారట. కర్రలు పట్టుకున్న కుర్రాళ్ళే పంచారట.

బాబాయి ఫైలేరియా ఆయన భార్యని చూడ్డానికి వెళ్ళాడు. తిడుతుందనీ కొడుతుందనీ అనుకునే వెళ్ళాడు. ఆవిడ తిట్టలేదు. "మీరు రాసిందాంట్లో ఆయన ఎంత భయంగా ఉన్నాడో, ఇంట్లో అంత పిరికోడండి. బల్లిని చూత్తే మంచమెక్కేసేవోడు," అంది. ఇంకేమీ అనలేదు. చంటిపిల్లనెత్తుకుని నరసాపురం అవతల పుట్టింటికి వెళ్ళిపోయింది. బాబాయి అక్కడికి రెండు మూడుసార్లు వెళ్ళినా, వాళ్ళ అన్నదమ్ములు గుమ్మంలోనే ఆపేశారు.

నవల చివరి భాగం రాయలేదు. ప్రెస్సు ఆయన వచ్చి బతిమాలాడు, వేరేవాళ్ళ చేత రాయించుకుంటానని బెదిరించాడు. బాబాయి చేతులు జోడించి దణ్ణం పెట్టి పంపించేశాడు. ఆ తర్వాత ఆయన కొట్లో మనసు పెట్టి కూచున్నాడు. పెళ్ళి చేసుకున్నాడు, పిల్లల్ని కన్నాడు, వ్యాపారం పెంచాడు. పొట్లాల కాగితం మీద లెక్క కూడా వేసేవాడు కాదు, నోటితోనే వేసేవాడు.

కానీ చదివినవాళ్ళు వదిలిపెట్టలేదు. నా పెళ్ళయ్యాక, ఎనభైల్లో అనుకుంటాను, నేను పుట్టింట్లో ఉండగా ఒకాయన కొట్టుకి వచ్చాడు. చక్కని బట్టలు, పక్కన కొడుకు. చిన్నప్పుడు ఆ నవల చదివి నిద్రపోయేవాణ్ణి కాదని మురిపెంగా చెప్పి, "ఇంతకీ చివరికి ఆ పిశాచి ఏమైందండీ? అది తెలీక ఇన్నేళ్ళూ కొట్టుకుంటున్నానండి," అన్నాడు.

బాబాయి చింతపండు తూస్తున్నాడు. తల ఎత్తలేదు.

"పట్టుకుని చంపేశారండి," అన్నాడు.

"ఎవరండీ?"

"ఊళ్ళోవాళ్ళు."

"మంచి పని చేశారు," అని ఆయన తృప్తిగా నవ్వి, కొడుకు చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయాడు. బాబాయి చేతిలో కాటా అలాగే ఉండిపోయింది. నేను దగ్గరికెళ్ళి, ఆయన చేతిలోంచి దాన్ని మెల్లిగా దింపాను.

బాబాయి పోయి కూడా చాలా ఏళ్ళయింది. పోయినేడు ఏదో పెళ్ళికి వెళ్ళినప్పుడు మా పాత వీధిలో ఒకసారి నడిచాను. కొట్టు ఉన్నచోట సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. సందు సందుకీ పట్టపగల్లాంటి దీపాలు. అరుగులు పోయి గేట్లు వచ్చాయి. ఆడుకుంటున్న పిల్లల్నీ, గేట్ల దగ్గర నిలబడ్డ ముసలమ్మల్నీ చూసుకుంటూ వెళ్ళాను. అందరి కాళ్ళూ తిన్నగా, సన్నగా ఉన్నాయి. బోదకాలు మనిషి ఒక్కరూ కనిపించలేదు. వాళ్ళ అమ్మమ్మల వేళ్ళ మీంచి చుక్క చుక్కగా తీసుకువెళ్ళిన మనిషి ఒకడుండేవాడని చెప్దామనిపించి, ఒకావిడ ముందు ఆగాను. చెప్పడానికి ముందు పేరు కావాలి కదా. మేమంతా ఫైలేరియా ఆయన అనే పిలిచేవాళ్ళం. పేరు బాబాయికి తెలుసు. ఆయన ఎప్పుడూ చెప్పలేదు, నేను ఎప్పుడూ అడగలేదు. దారి మర్చిపోయారా అండీ అని ఆవిడ మర్యాదగా అడిగితే, అవునమ్మా అని చెప్పి వచ్చేశాను.