ఫండు దేవుడు కాదురా

ఈ ఉదయం పులుసు కోసం ఇంగువ డబ్బా మూత తీశాను. ఆ ఘాటుకు విజయనగరంలోని అప్పలనరసయ్య బాబాయి కిరాణా కొట్టు కళ్లముందు నిలిచింది. బియ్యం బస్తాల పక్కన చిన్న బల్ల వేసుకొని ఆయన మ్యూచువల్ ఫండ్ల పని కూడా చూసేవారు. ఇప్పుడాయన లేరు.

కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన జూట్ మిల్లు మూతపడి, రావలసిన డబ్బు చేతికందింది. మా అమ్మాయి రూతు నర్సింగులో చేరింది. ఆ డబ్బు తప్ప ఆమె చదువుకు మరో ఆధారం లేదు. చర్చిలో ఎవరో షేర్ల ఫండ్లు బాగా పెరుగుతున్నాయన్నారు. మూడు ఫండ్ల పేర్లు చీట్ల మీద రాసి, మోకరించి ప్రార్థించి, ఒకటి తీశాను. యేసు శిష్యులైన అపొస్తలులు కూడా చీట్లు వేశారు కదా అని నా ధైర్యం. మొత్తం అందులోనే పెట్టమని బాబాయి దగ్గరకు వెళ్లాను. ఆయన పొట్లం కడుతూ చీట్ల సంగతంతా విన్నారు.

“సీట్లు ఎవలు రాసార్రా?”

“నేనే, బాబాయి.”

“ఒకటే తియ్యాలని ఎవలన్నారు?”

“అదీ నేనే.”

“మరి దేవుడి మీదకి తోసేస్తావేటి? ఆయన్ని నమ్ము, కాదనను. ఫండు దేవుడు కాదురా యోహానూ. మొన్నటిదాకా ఒక్క మిల్లునే నమ్ముకున్నావు. ఏటయ్యిందో సూసావు కదా.”

నాకు కోపం వచ్చింది గాని, ఆయన చూపించినచోటల్లా సంతకం పెట్టాను. రాబోయే ఫీజుల డబ్బును ఆయన పెద్దగా ఒడిదుడుకులుండని డెట్ ఫండులో పెట్టించారు. చాలాకాలం అక్కర్లేనిదాన్ని షేర్ల ఫండులో, కొంచెం బంగారం ఫండులో. ఇంకో షేర్ల ఫండు కూడా తీసుకుంటానంటే, రెండింటి లోపలి కంపెనీల పేర్లు నాచేత చదివించారు. చాలావరకు అవే.

“పేర్లు రెండైతే సరుకు రెండవదురా,” అన్నారు.

రూతు రెండో ఏడు ఫీజు కట్టే వేళకు మార్కెట్ పడింది. అంతా తీసేద్దామని కొట్టుకు పరిగెత్తాను.

“షేర్లది ముట్టుకోకు. ఫీజుది యేరేగా ఉన్నాది, అది తీసి కట్టు.”

“షేర్లది మళ్లీ లేవకపోతే?”

“నాకు మాత్రం ఏటి తెలుసు? తెల్దు కాబట్టే కదరా తలో సోట పెట్టాం.”

ఫీజు గడువులోపే కట్టాను. షేర్ల ఫండు తర్వాత మెల్లగా లేచింది. లేవకపోయినా రూతు చదువు ఆగేది కాదు. ఇప్పుడామె శ్రీకాకుళంలో నర్సు.

నేను ఇప్పటికీ రోజూ మోకరిస్తాను. ఏ ఫండు పెరుగుతుందో చూపించమని మాత్రం అడగను. నాకు తెలియదని ఒప్పుకొనే మనసిమ్మని అడుగుతాను. దీనత గురించి చిన్నప్పటినుంచి ప్రసంగాలు వింటూనే ఉన్నాను. దాన్ని ఆచరణలో నేర్పింది మాత్రం మంగళవారం తప్పకుండా పైడితల్లి గుడికి వెళ్లే ఆ కిరాణా వ్యాపారి. ఆయన కోసం ప్రభువుకు కృతజ్ఞత చెప్పకుండా ఏ ఉదయమూ మోకాళ్ల మీదినుంచి లేవను.