టకటకమ్మ, ఐదు ముక్కల మాట

ఆపరేషన్ సామాన్లు కడిగే గది ఆ ఆసుపత్రిలో అన్నిటికన్నా కింది అంతస్తులో ఉంటుంది. పద్దెనిమిదేళ్లుగా అక్కడ పనిచేస్తున్న ఆవిణ్ణి అందరూ టకటకమ్మ అంటారు. కత్తెరలూ పట్టుకార్లూ లెక్కపెడుతూ ట్రే అంచు మీద వేలితో కొట్టడం ఆమె అలవాటు. ఒక్కోదానికి చిన్న దెబ్బ, పదోదానికి గట్టి దెబ్బ. కుదురుగా కూర్చోవడం ఆమె జాతకంలోనే లేదని తోటివాళ్ల వేళాకోళం.

గదికి ఇన్‌చార్జి కావాలంటే గోడమీది ఇంగ్లీషు సూచనలు పైకి చదువుతూ పని చేసి చూపించాలి. రెండే అవకాశాలు. మొదటిసారి ఆమె మొదటి వాక్యంలోనే ఇరుక్కుంది. ‘డీకంటామినేట్’. ఊపిరి బిగబట్టి గడగడా అనేస్తే, పరీక్ష పెట్టిన డాక్టరు మూడుసార్లు ఏంటమ్మా అన్నాడు. నాలుగోసారికి నోరు పెగల్లేదు. ఈసారీ తప్పితే రిటైరయ్యేదాకా ఆ సింకు దగ్గరే.

అప్పట్నుంచి ఆమెకు కాలు నిలవలేదు. బడిలో ఇంగ్లీషు చెప్పే ఆడపడుచుని పట్టుకుంది. వంటగదిలో కూరగాయలు తరుగుతుంటే ఆడపడుచు మాటను విడదీసి చూపించింది. ‘కంటామినేట్’ అంటే మురికి అంటించడం. ముందు ‘డీ’ తగిలిస్తే ఆ మురికి వదిలించడం. మొత్తం ఐదు ముక్కలు: డీ, కన్, టా, మి, నేట్. మన మాటల్లోలా అన్నీ ఒకే బరువుతో అంటే ఇంగ్లీషు వాళ్ల చెవికెక్కదట. బరువు ‘టా’ మీద పడాలట. అంతవరకూ బాగానే ఉంది. చివర ‘షన్’ అతికిస్తే ఆ పనికి పేరవుతుందనీ, అప్పుడు బరువు ‘టా’ని వదిలి ‘నే’ మీదికి పోతుందనీ చెప్పేసరికి టకటకమ్మ చాకు పక్కన పెట్టేసింది.

"అదేంటమ్మాయ్, తోక తగిలిస్తే నడుం జరుగుతుందా?"

"నీలాగే వదినా, ఒకచోట ఉండదు."

ఆరు వారాలు బస్సులో ముందు సీటు కమ్మీ మీద, స్టవ్వు అంచు మీద, చివరికి మొగుడి వీపు మీదా అదే దరువు. రెండు చిన్నవి, ఒకటి గట్టిది, మళ్లీ రెండు చిన్నవి. నిద్రలో కూడా సామాన్లు కడుగుతోందని ఆయన చెల్లెలి దగ్గర మొరపెట్టుకున్నాడు.

పరీక్షకి మళ్లీ అదే డాక్టరు, పక్కన హెడ్ నర్సు. టకటకమ్మ వేలు ట్రే అంచుకి ఆనించి ‘డీ’ అంది, ‘కన్’ అంది. చూపు పక్కకి పోయింది. తోటి ఆవిడ కడిగే మెషిన్‌లోకి బుట్ట తోస్తోంది. అందులో ఒక పట్టుకారు మూసే ఉంది. కీలు తెరవకపోతే సందులో నెత్తురు అలాగే ఉండిపోతుంది.

మాట అక్కడే వదిలేసి రెండంగల్లో మెషిన్ దగ్గరుంది. ఆగవే అని బుట్ట లాగి, పట్టుకారు తెరిచి, మిగతావీ ఒక్కొక్కటే చూసుకున్నాక గానీ తను పరీక్షలో ఉన్నానని గుర్తు రాలేదు.

డాక్టరు వంగి ఆ కీలు సందులోకి చూశాడు. కాగితం మీద సంతకం పెట్టి హెడ్ నర్సు చేతికిచ్చి బయటికి నడిచాడు. ఇన్‌చార్జి నువ్వేలే అని హెడ్ నర్సు ఆమెకు కాగితం చూపించింది.

సంతోషం రెండు నిమిషాలైనా నిలవలేదు. ఆరు వారాల మాట సగం గొంతులోనే ఉండిపోయింది. తలుపు తోసుకుని వరండాలోకి పరుగెత్తింది.

"డాక్టరుగారూ, ఆ మాట సగంలో ఆగిపోయిందండీ. వినేసి వెళ్లండి."

ఆయన లిఫ్టు తలుపుకి చెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డాడు. ఆమె గోడ మీద వేలితో కొడుతూ ఐదు ముక్కలూ అప్పజెప్పింది, మూడోదానికి గట్టిగా. బాగుందన్నట్టు తలూపి ఆయన లోపలికి అడుగేశాడు.

"తోకతో ఇంకోటుందండీ," అంటూ ఆమె కూడా లిఫ్టెక్కేసింది.