ఎక్కువ వచ్చిందని ఎవరూ చెప్పలేదు

మొన్న ఉగాదికి ముందు మంగళవారం, పొద్దున పదకొండుంపావుకు, నంద్యాల హెడ్డాఫీసు మేడ మీద, మూడేళ్ల కిందట మా ఆళ్లగడ్డ బ్రాంచిలో పోయిన ల్యాప్‌టాప్ దొరికింది. గోడ గడియారం చూసే చెబుతున్నాను.

మాది విత్తనాల కంపెనీ. నేను ఆళ్లగడ్డలో అటెండరును. బనగానపల్లెలో, కొలిమిగుండ్లలో కూడా బ్రాంచీలున్నాయి. చిన్నప్పుడు నేను బడి ముఖం చూడలేదు. యాభై దాటినాక చర్చిలో పాటల పుస్తకం ముందు పెట్టుకుని అక్షరాలు నేర్చుకున్నాను. రాత వంకరగా ఉంటే ఉంటుంది. జరిగింది మాత్రం జరిగినట్టే రాస్తాను.

మునుపు సామాను లెక్క రాసే పుస్తకం ఏ బ్రాంచిది ఆ బ్రాంచిదే. మా దగ్గర ఎనిమిది ల్యాప్‌టాప్‌లుండేవి. మూతల మీద తెల్ల పెయింటుతో ఒకటి నుంచి ఎనిమిది దాకా మేమే అంకెలు వేసుకున్నాం. కొలిమిగుండ్ల వాళ్లకు మూడే. వాళ్లూ ఒకటి నుంచే వేసుకున్నారు. అన్నీ ఒకే రకం, ఒకే రంగు.

దసరాకు ఆయుధపూజ అంతా నంద్యాల గోడౌన్‌లో, ఒకే చోట జరగాలని మా ఓనరు పట్టు. లారీ దగ్గర్నుంచి ల్యాప్‌టాప్ దాకా అన్నీ ఆడికి పోవాల్సిందే. నేను క్రైస్తవుణ్ని. మోసి లోపల పెట్టేదాకా నా పని, హారతి ఇచ్చేటప్పుడు బయట నిలబడతాను. మా వ్యాన్ డ్రైవరు ముస్లిం, బనగానపల్లె మనిషి. మేమంతా భాయ్ అనేవాళ్లం. అతనూ నా పక్కనే నిలబడేవాడు.

"మిషన్లకు బొట్లు పెట్టినారన్నా. ఇంక వైరస్సు వస్తే దానిష్టం" అని నవ్వాడు, మిషన్ పోయిన ఆ ఏడు.

పూజ అయినాక హెడ్డాఫీసు వాళ్లే ల్యాప్‌టాప్‌లను సంచుల్లో సర్ది, ఏ బ్రాంచి సంచి ఆ బ్రాంచికి కట్టిచ్చారు. భాయ్ మా సంచులు తెచ్చి ఆళ్లగడ్డలో దించాడు. మరునాడు మేనేజరు విప్పించి చూస్తే ఏడే ఉన్నాయి. నాలుగో నంబరుది లేదు.

"యాడ పెట్టినావ్ భాయ్?"

"ఏంది సార్?"

"ఏందంటావేంది? ఎనిమిది పోయినాయి, ఏడొచ్చినాయి."

"వాళ్లు కట్టిచ్చిన సంచులు కట్టిచ్చినట్టే దించినా సార్. నేను విప్పను కూడా లేదు."

"దారిలో యాడన్నా ఆపినావా?"

"టీకి ఆపినా."

"అదీ కత!"

మేనేజరు నా వైపు తిరిగాడు. "నువ్వు చూసినావా, ఎనిమిదీ దిగింది?"

"లెక్కపెట్టలేదు సార్" అన్నాను.

అది నిజమే. ఆ మాటతో భాయ్ పని అయిపోయింది. అట్లాంటోడు కాదు సార్ అని ఒక్క మాట అనొచ్చు. అనలేదు. భయంతో కాదు. నోరు తెరుచుకోలేదు, అంతే.

మిగతా బ్రాంచీలకు ఫోన్ చేసి అడిగారు. కొలిమిగుండ్ల గుమాస్తా తన పుస్తకం తిప్పి చూసి, "మావి మాకు ఉండాయి" అన్నాడు. ఆడికి వెతుకులాట ఆగిపోయింది. రేపటి నుంచి రావద్దని భాయ్‌కి చెప్పారు.

పోలీసుల దాకా పోలేదు. పోయినా బాగుండేది, ఏదో ఒకటి తేలేది. అతన్ని డ్రైవరుగా పెట్టుకోవాలనుకున్న వాళ్లు ముందు మా మేనేజరుకు ఫోన్ చేసేవాళ్లు. "మాకాడ ఒక మిషన్ పోయిందప్పా. నీ ఇష్టం" అనేవాడాయన. దొంగ అనేవాడు కాదు. ఆ రెండు ముక్కలే. టీ గ్లాసు బల్ల మీద పెడుతూ నేనే నాలుగుసార్లు విన్నాను. ఆ నాలుగుసార్లూ ఎవరూ అతని చేతికి తాళం చెవి ఇవ్వలేదు. మామిడికాయల కాలంలో బనగానపల్లెలో లోడు ఎత్తేవాడు. మిగతా కాలం ఏది దొరికితే అది.

ఈ ఏడు హెడ్డాఫీసులో కంప్యూటర్లు చూసేదానికి ఒక అమ్మాయి వచ్చింది. బ్రాంచికొక పుస్తకం ఉండకూడదు, కంపెనీ మొత్తానికి ఒకటే లిస్టు, అది నంద్యాలలో ఉండాల అంది. మిషన్లన్నిటినీ ఒకసారి తెమ్మంది. మా మేనేజరు దారి పొడుగునా గొణుగుతూనే ఉన్నాడు. "మన మిషన్లు మనం చూసుకోలేమా? ఆ పిల్లకు జవాబు చెప్పాలంట!" నాకూ అట్లాగే అనిపించింది. నాకనిపించింది తప్పు.

ఆ అమ్మాయి మా పెయింటు అంకెలను లెక్కలోకే తీసుకోలేదు. తయారుచేసిన వాళ్లు ప్రతి మిషన్ అడుగున ఒక పొడుగాటి నంబరు అచ్చేసి ఉంటారట. దాన్ని కొన్ననాటి బిల్లుతో కలిపి చూసి, ఏ ఊళ్లో ఉంది, ఎవరి చేతిలో ఉంది అని ఎక్కించి, కొత్త చీటీ అంటించింది. ఆ పొద్దున్నే చాలా బయటపడ్డాయి. బనగానపల్లె వాళ్లు ప్రింటరు లేదని ఏడాదిగా మొత్తుకుంటుంటే, హెడ్డాఫీసు అటక మీద రెండు ఊరికే పడున్నాయి. గ్యారంటీ ఉన్న మిషన్‌ను మేం బయట రిపేరు చేయించాం. ఎవరి మటుకు వాళ్లం అన్నీ సరిగ్గానే ఉన్నాయనుకున్నాం.

కొలిమిగుండ్ల గుమాస్తా నాలుగు ల్యాప్‌టాప్‌లు తీసి బల్ల మీద వరుసగా పెట్టాడు. నాలుగోదాన్ని అమ్మాయి తిరగేసి, అడుగు నంబరు తన కంప్యూటర్‌లో కొట్టింది.

"ఇది ఆళ్లగడ్డది. పోయిందని రాసుంది."

"మాదే కదమ్మా. చూడు, ఒకటి, రెండు, మూడు, నాలుగు."

"మీకు కొన్నది మూడే అన్నా."

"ఆ దసరాకు సంచిలో వచ్చిందిలే. ఓనరు కొత్తది ఇచ్చినాడనుకున్నాం."

"ఎక్కువొచ్చిందని చెప్పలేదా?"

"తక్కువొస్తే చెప్తాం. ఎక్కువొస్తే ఎవరన్నా చెప్తారా తల్లీ?"

ఎవరో నవ్వారు. గుమాస్తా అబద్ధమాడే మనిషి కాదు. అడిగినప్పుడు తక్కువైందా అని చూసుకున్నాడు, కాలేదు. ఒక్క లిస్టు ఉండుంటే, ఈడ తగ్గింది ఆడ పెరిగిందని ఒక్క పూటలో తేలేది.

అది ఎప్పుడైనా దొరికితే గట్టిగా అరుస్తానని అనుకునేవాణ్ని. ఏమీ కాలేదు. చేతిలో గుడ్డ ఉంది. పక్క మిషన్ మీద దుమ్ము తుడుస్తూనే ఉన్నాను.

తర్వాత మెట్ల దగ్గరికి పోయి భాయ్‌కి ఫోన్ చేశాను.

"మిషన్ దొరికింది భాయ్."

"యాడ?"

"కొలిమిగుండ్ల ఆఫీసులో. అప్పట్నుంచీ ఆడే ఉండాది."

అవతల ఏదో బండి హారన్ వినిపించింది.

"సరే అన్నా."

"సరే అంటావేంది?"

"ఇంకేమనాల? ఈడ నూనె డిపో ఆయన వ్యాన్‌కు మనిషి కావాలంటాండాడు. మీ సారుకు ఫోన్ చేసి అడుగుతాడంట. ఈసారి సారు ఏమంటాడో కనుక్కో. అది చాలు నాకు."

లోపలికి పోయి అందరి ముందే మేనేజరును అడిగాను.

"సార్, భాయ్ గురించి ఎవరన్నా ఫోన్ చేస్తే ఏం చెప్తారు?"

"లిస్టులో దిద్దినారు కదప్పా."

"డిపో ఆయన లిస్టు చూడడు సార్. మీ మాట వింటాడు."

"చూద్దాంలే."

"ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టండి."

"కాగితం రాస్తే మనది తప్పని ఒప్పుకున్నట్టయితాది. పాత కత, వదిలేయ్."

"తప్పు మనదే కదా సార్."

ఆయన ఫోన్ తీసి చూసుకోవడం మొదలుపెట్టాడు. అమ్మాయి లిస్టులో ఆ ఒక్క వరసను అచ్చు తీసి నాకిచ్చింది. "పోలేదు, దసరాకు పొరపాటున కొలిమిగుండ్ల సంచిలో వెళ్లింది" అని ఉంది. మేనేజరు ముందు పెట్టాను. సంతకం పెట్టలేదు.

ఆయన రాయలేదు కాబట్టి ఇదంతా నేను రాశాను. మూడేళ్ల కిందట నోరు తెరవనందుకు ఇది సరిపోదని తెలుసు. నూనె డిపో ఆయనకైనా, ఇంకెవరికైనా, ఆ మనిషి చేతికి తాళం చెవి ఇవ్వాలా వద్దా అని అనుమానముంటే మా మేనేజరును ఒక్కణ్నే అడగొద్దు. ఆ మంగళవారం ఆ గదిలో ఉన్నవాళ్లు వీళ్లు: లిస్టు రాసిన అమ్మాయి, కొలిమిగుండ్ల గుమాస్తా, బనగానపల్లె నుంచి మిషన్లు తెచ్చిన ఇద్దరు, టీ తెచ్చి ఖాళీ గ్లాసుల కోసం నిలబడిన కింది అంగడాయన, మా మేనేజరు, నేను.