తిన్నవా అవ్వా అని అడిగిన బిడ్డ

సిరిసిల్ల నుంచి నా బిడ్డ ఫోన్ చేసిందంటే వెనక సాంచాల చప్పుడు ఉండి తీరేది. వాళ్ళ ఇంటి ముందు గదిలోనే మా అల్లుడి మరమగ్గాలు. వాటినే మావైపు సాంచాలు అంటాం. ఆ చప్పుడును మించి వినబడాలని ఆమె అరిచినట్టు మాట్లాడేది. కోరుట్లలో మా వాకిట్లో నిలబడి నేనూ అరిచినట్టే జవాబు చెప్పేదాన్ని. పోయిన నెల ఒక పొద్దున అదే నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తాను. వెనక ఏ చప్పుడూ లేదు. "అత్తమ్మా" అన్నాడు అల్లుడు. సాంచాలు ఎందుకు ఆగాయని నేను అడగలేదు. నాకు అప్పటికే తెలిసిపోయింది, వాకిట్లోనే కూర్చుండిపోయాను.

బిడ్డ వాకిలి ఊడ్చి నీళ్ళు చల్లుతూ తల పట్టుకుని పడిపోయిందట. మెదడులో నరం చిట్లిందన్నారు. ఆస్పత్రికి తీసుకుపోతుండగా దారిలోనే పోయింది. ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు.

జబ్బు వచ్చింది నాకు. చావు గడప దాకా పోయింది నేను. చెయ్యి పట్టి వెనక్కి గుంజుకొచ్చిన నా బిడ్డ పోయింది.

నేను ఐదో తరగతి దాకా చదివాను. బీడీలు చుట్టిన చేతులు నావి, పెన్ను అలవాటు లేదు. పైగా కీమో మందుకు వేళ్ళ చివర్లు మొద్దుబారాయి, ఇంకా పూర్తిగా తేరుకోలేదు. అయినా రాస్తున్నాను. మీ ఇళ్ళలో కూడా ఒక అవ్వో, అంటే అమ్మో, ఒక బాపో ఆ మందు ఎక్కించుకుంటూ ఉండవచ్చు. నా బిడ్డ నాకు ఎట్లా చేసిందో తెలిస్తే మీకు పనికొస్తుంది. పేరు రాయబోతే చెయ్యి సాగడం లేదు. ఇంట్లో పిలిచినట్టే బిడ్డ అని రాస్తాను.

రెండేళ్ళ కింద నా రొమ్ములో గడ్డ కనబడింది. కరీంనగర్‌లో ఆపరేషన్ చేసి తీసేశారు. తర్వాత కీమో ఎక్కించాలన్నారు. మా ఇంటాయన మస్కట్‌లో ఉన్నాడు, కంపెనీ వాళ్ళు సెలవు ఇవ్వలేదు. బిడ్డ తన కూతురిని అత్తకు అప్పజెప్పి, ఒక్క సంచితో కోరుట్లలో దిగింది. దిగిన రోజే నా బీడీల చాట, తునికాకు, తంబాకు అన్నీ మూటగట్టి పక్కింట్లో పెట్టి వచ్చింది.

"ఎందుకే? కూసున్న కాడ నాలుగు బీడీలు చేసుకుంట గద" అన్నాను.

"గా మందు ఎక్కినంక తంబాకు వాసన నీకు పడది. సూస్తుండు."

నాకు నవ్వొచ్చింది. పెళ్ళయిన నాటి నుంచి ఆ వాసనలోనే బతికాను. కానీ మొదటిసారి మందు ఎక్కించుకుని వచ్చిన మర్నాడు, పక్కింటామె పలకరించడానికి వస్తే ఆమె కొంగుకున్న తంబాకు వాసనకే నాకు పేగులు నోట్లోకి వచ్చాయి. నా బిడ్డ తడిగుడ్డతో నా మొహం తుడుస్తూ, "నేను జెప్పిన్నా లేదా? నర్సమ్మను ఊకె అడిగిన్నా?" అంది. నిజంగానే ఆమె నర్సులను ఊపిరి తీసుకోనిచ్చేది కాదు. ఏం తినాలి, ఏం తినొద్దు, ఏమవుతుంది, ఎప్పుడవుతుంది, అన్నీ అడిగేది.

ఆ మందు ఎర్రగా ఉంటుంది. నా నరంలోకి అది పోతుంటే చూసి భయపడ్డాను. "షర్బత్ అనుకో" అంది. థర్మాసులో తెచ్చిన ఐసు ముక్కలు ఒక్కొక్కటే నోట్లో పెట్టింది. "సప్పరించు. నోరు పుయ్యకుంట ఉంటదట. ఇంకోటి ఇను. ఇంటికి పోయినంక ఒంటికి ఎర్రగ పోతవ్. రక్తమని ఒర్రకు, గా మందే." ముందే చెప్పింది కాబట్టి నేను అరవలేదు.

కొన్నాళ్ళకు జుట్టు దువ్వెనతో పాటే ఊడి వచ్చేసింది. మిగిలింది తనే కత్తెరతో తీసేసి, కొబ్బరినూనె రాసి, మెత్తటి నూలు గుడ్డ కట్టింది. మేం కోరుట్ల నుంచి జగిత్యాల మీదుగా కరీంనగర్ పోయేవాళ్ళం. ఒకసారి జగిత్యాల బస్టాండులో నా తల మీది గుడ్డ జారింది. పక్కన కూర్చున్న పెద్దామె చూసి, "ఏములాడ పోయచ్చిండ్రా అక్కా?" అని అడిగింది. మావైపు ఆడవాళ్ళకు గుండు కనబడితే వేములవాడ రాజన్న మొక్కే అనుకుంటారు. నేను నోరు తెరిచేలోపే బిడ్డ, "ఆఁ, పోయచ్చినం అమ్మా. దర్శనం మంచిగైంది" అంది. ఆ పెద్దామె నా తల వైపు తిరిగి దండం పెట్టింది. బస్సు ఎక్కాక ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. ఆ మాట ఇక అలవాటైపోయింది. ఎవరు అడిగినా ఏములాడే.

"దేవుని పేరు మీద గిన్ని అబద్ధాలు ఆడుతున్నమే" అన్నాను ఒకరోజు.

"మల్ల ఎంటికలు రానియ్యి. అన్ని అబద్ధాలకు కలిపి ఒక్కసారే నిజంగ ఇద్దాం."

మూడోసారి మందు తర్వాత నాకు బతుకు మీద ఆశ పోయింది. నోరంతా పూసింది. నీళ్ళు తాగినా ఇనుము నాకినట్టు ఉండేది. బువ్వ చూస్తే ఏడుపొచ్చేది. "ఇగ నాతోని కాదు బిడ్డా. మందద్దు, బువ్వద్దు. సస్తె సస్త" అని గోడ వైపు తిరిగి పడుకున్నాను.

ఆమె పోయి రెండు కంచాలు తెచ్చింది. నా ముందు చిన్నది, తన ముందు పెద్దది. రెండింట్లోనూ మెత్తగా పిసికిన పెరుగు బువ్వ. కంచం ముందు కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"నువ్వు తిను" అన్నాను.

"నువ్వు తింటె నేను తింట."

"నీకేమొచ్చిందే? నువ్వు మంచిగనే ఉన్నవ్ గద."

"మంచిగనే ఉన్న. ఆకలైతాంది. నువ్వు తింటె నేను తింట."

పొద్దున కూర్చున్నది లేవలేదు. గడప మీది ఎండ వాకిట్లోకి, వాకిట్లోంచి గోడ మీదికి పోయింది. ఒకసారి ఆమె కడుపు గుర్రుమంది. "ఇన్నవా? నీ మనుమరాలి తల్లి కడుపు. నిన్నే తిడుతాంది" అంది. లేచి కూర్చుని ఒక ముద్ద పెట్టుకున్నాను. మట్టి మింగినట్టే ఉంది. ఇంకో ముద్ద పెట్టుకున్నాను. అప్పుడు ఆమె కంచంలో చెయ్యి పెట్టింది. ఎంత ఆకలితో ఉందో, నేను మూడోది నమిలేలోపు సగం కంచం ఖాళీ చేసింది.

"రేపు గూడ గిట్లనే. ఎల్లుండి గూడ. మందు వద్దంటవా, నేను కంచం కాడ గిట్లనే కూసుంట" అని మూతి తుడుచుకుంది. ఆ తర్వాత నేను మందు వద్దనలేదు.

ఆ రోజు నుంచి నా స్టీలు గ్లాసు, చెంచా అటక ఎక్కాయి. నీళ్ళకు మట్టిపాత్ర, తినడానికి ప్లాస్టిక్ చెంచా. అట్లా చేశాక ఇనుము రుచి కొంచెం తగ్గింది. పోపు వాసన నాకు తగలకుండా పొయ్యి పెరట్లోకి మార్చింది. వేడిది వాసన కొడుతుందని చల్లారాకే పెట్టేది. ఒక్కసారే కంచం నిండా కాకుండా పిల్లలకు పెట్టినట్టు ఇంతింత, మాటిమాటికి పెట్టేది. ఉప్పు, వంటసోడా కలిపిన నీళ్ళతో తిన్న ప్రతిసారీ నోరు పుక్కిలింపించేది. డాక్టరు ఇచ్చిన వాంతుల గోళీ వాంతి అయ్యాక కాదు, తినకముందే వేసేది. "దొంగలు పడ్డంక తాళమెందుకు?" అనేది.

జబ్బుపడ్డ మనిషిని చూడడానికి చుట్టాలు రావడం మామూలే కదా. మా పెద్ద ఆడబిడ్డ వెల్గటూర్ నుంచి ఆటో నిండా మనుషులతో, పండ్లతో దిగింది. నా బిడ్డ గడపలో బకెట్టు నీళ్ళు, సబ్బు పెట్టుకుని నిలబడింది.

"అత్తమ్మా, ముందుగాల చేతులు కడుక్కోండ్రి. ఒక్కొక్కలే రాండ్రి."

"ఏందే? మీ అవ్వను ముట్టుకుంటె మాకేమన్న అంటుకుంటదా? మేమేం భయపడం" అంది ఆడబిడ్డ.

"మా అవ్వది మీకు అంటుకోదు అత్తమ్మా. మీదే మా అవ్వకు అంటుకుంటది. గా మందుకు ఒంట్ల బలం మొత్తం పోయింది. మీకు పడిశం, మా అవ్వకు పానం."

వాళ్ళలో దగ్గుతున్న ఒకాయన్ని ఆమె వాకిట్లోనే కూర్చోబెట్టింది. "గక్కడి నుంచే మాట్లాడు మామా, మా అవ్వకు ఇనస్తది" అంది. ఆడబిడ్డకు కోపం వచ్చింది. "చదువుకున్న బిడ్డలాయె, మాకు కడుక్కునుడు నేర్పవట్టిరి" అని పండ్లు గడపలో పెట్టి, లోపలికి రాకుండానే ఆటో ఎక్కింది. నాకు మొహం చెల్లలేదు. బిడ్డ మాత్రం, "అలుగుతె మల్ల మాట్లాడుకోవచ్చు. నువ్వు పోతె యాడికెల్లి తేవాలె?" అంది.

ఆమె భయం ఉత్తది కాదు. నాలుగోసారి మందు తర్వాత ఒక మధ్యాహ్నం నాకు చలిజ్వరం వచ్చింది. ఒక గోళీ వేసుకుని పడుకుంటానన్నాను. ఆమె వినలేదు. ఈ మందు నడుస్తున్నప్పుడు జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగొద్దని ఆస్పత్రిలో చెప్పారు. అప్పటికప్పుడు కారు మాట్లాడి కరీంనగర్ చేర్చింది. ఇంకొంచెం ఆలస్యమైతే మనిషి దక్కేది కాదని డాక్టరు అన్నప్పుడు నా కాళ్ళ దగ్గర కూర్చుని మొదటిసారి ఏడ్చింది. ఆమె ఏడుపు నేను చూసింది అదొక్కసారే.

మందు అయిపోయింది. గోళీ ఒక్కటే మిగిలింది, రోజుకొకటి, ఐదేళ్ళు వేసుకోవాలి. బిడ్డ సిరిసిల్ల పోయింది. కానీ నన్ను వదల్లేదు. రోజూ పొద్దున ఫోన్.

"తిన్నవా అవ్వా? గోళీ ఏసుకున్నవా?"

"తిన్న."

"నమిలే సప్పుడు ఏది? అబద్ధమాడకు. నేను గూడ కంచం ముంగట వెట్టుకున్న, ఆకలైతాంది."

అప్పుడు నేను ఫోన్ చెవికి పెట్టుకునే రొట్టె ముక్క కొరికి నమిలేదాన్ని. "గట్టిగ నములు, సాంచాల సప్పుడుకు ఇనస్తలేదు" అనేది. వినబడ్డాకనే తను తినేది. జుట్టు కూడా వచ్చింది, ఎన్నడూ లేనిది ఉంగరాలు తిరిగి వచ్చింది. కోరుట్ల వచ్చినప్పుడల్లా నా తల నిమిరి, "గొర్రెపిల్ల లెక్కున్నవే అవ్వా" అని నవ్వేది. ఇప్పుడు తల మీద కొంగు కప్పుకున్నా ఆ చెయ్యే గుర్తుకొస్తుంది.

మూడోనాడు మానేరు ఒడ్డున పిట్టకు పెట్టారు. పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి విస్తట్లో పెట్టి దూరంగా జరుగుతారు. కాకి వచ్చి ముడితే పోయినవాళ్ళు తృప్తిగా తిన్నట్టు. ముట్టకపోతే మనసులో ఏదో మిగిలిందని అర్థం. సర్వపిండి, పెరుగు బువ్వ, కోడికూర, అన్నీ పెట్టారు. తుమ్మచెట్టు మీద కాకులు ఉన్నాయి. ఒక్కటీ దిగలేదు.

"మన బిడ్డను నేను మంచిగ సూసుకుంట" అని అల్లుడు చేతులు జోడించాడు. దిగలేదు. మస్కట్ నుంచి వచ్చిన మా ఇంటాయన, "రాజన్న మొక్కు నేను తీరుస్త బిడ్డా" అన్నాడు. దిగలేదు. ఎండ నెత్తికెక్కింది. "ఇంకేం మిగిలింది తల్లీ నీకు" అని ఆనాడు అలిగిపోయిన మా పెద్ద ఆడబిడ్డ ఏడ్చింది.

ఫోన్ వచ్చిన పొద్దటి నుంచి నేను ఏమీ తినలేదు. గోళీ కూడా వేసుకోలేదు. ఎవరు బతిమాలినా ముద్ద దిగలేదు, తిని ఎవరి కోసం బతకాలి అనిపించింది. ఆ విస్తరి అట్లాగే ఉండడం చూస్తుంటే, ఒళ్ళో చేతులు పెట్టుకుని కంచం ముందు కూర్చున్న నా బిడ్డ కనబడింది.

"వదినా, గా బువ్వ గింత నా చేతుల పెట్టు" అన్నాను.

అందరూ నా వైపు చూశారు. "పిట్ట ముట్టకముందు మనం ముట్టద్దు" అన్నారెవరో.

"నేను తినకుంటె నా బిడ్డ తినదు వదినా."

మా ఆడబిడ్డ నన్నే చూసింది. పక్కనున్న నీళ్ళ బకెట్టు దగ్గరికి పోయింది. రెండు చేతులూ మోచేతుల దాకా కడుక్కుంది. కొంగుకు తుడుచుకోకుండా, తడి చేతులతోనే గిన్నెలోంచి పెరుగు బువ్వ తీసి నా అరచేతిలో పెట్టింది. నేను నోట్లో పెట్టుకున్నాను. మట్టి మింగినట్టే ఉంది. మింగాను. ఇంకో ముద్ద పెట్టింది. అది నములుతుంటే కాకి దిగింది.

ఆకలికే వచ్చిందేమో, నాకు తెలియదు. సర్వపిండి ముక్క నోట కరుచుకుని పోయింది.

ఇప్పుడు మనుమరాలి కోసం సిరిసిల్లలోనే ఉంటున్నాను. సాంచాలు మళ్ళీ నడుస్తున్నాయి. పొద్దున దాన్ని బడికి పంపి, కంచం ముందు పెట్టుకుని, రొట్టె కొరుకుతాను. ముందు గదిలోంచి ఆ చప్పుడు ఇల్లంతా నిండిపోతుంది. అందుకే కొంచెం గట్టిగా నములుతాను.