ఇంటిపేరు అడిగిన టీచరమ్మ

మా టీచరమ్మ పోయింది. పోయిన మంగళవారం పొద్దున, గుడియాత్తంలో, వేలూరు బస్సుకు బయలుదేరుతూ చెప్పులు వేసుకోబోయి గడపలోనే కూర్చుండిపోయిందట. ఆ కబురు నాకు ఫోన్లో చెప్పింది మా ల్యాబు ఓనరు. లోకంలో ఎవరి నోట వినకూడదో వాళ్ల నోటే విన్నాను.

కబురు చెప్పి, గొంతు సవరించుకుని, కర్మంతరం రోజు పంచడానికి ఆమె గురించి ఒక కాగితం రాసిమ్మన్నాడు. "తెలుగులోనే రాయమ్మా. ఆమెకు తెలుగంటే ప్రాణం గదా. నాకు మాట్లాడను వస్తాది, సదవను రాదు. నువ్వు రాసిస్తే అచ్చేయించి నా చేత్తోనే అందరికీ ఇస్తా." నాలుగు మంచి మాటలు చాలన్నాడు. సరేనన్నాను. ఆయన మాటకు అంత మనస్ఫూర్తిగా నేనెప్పుడూ సరే అనలేదు. తెలుగు అచ్చుకు చిత్తూరు పోవాలి, ప్రూఫులు నేనే చూస్తానని కూడా చెప్పాను. ఆ కాగితమే ఇప్పుడు మీ చేతిలో ఉంది.

టీచరమ్మది మా వీధే. నేతపనివాళ్ల ఇల్లు. బళ్లో లెక్కలు చెప్పి, నలభై దాటాక కంప్యూటరు నేర్చుకుంది. వేలూరులో ఓనరు రక్తపరీక్షల ల్యాబు పెట్టి, ఊళ్లో మొదటి కంప్యూటరు రిపోర్టు మాదేనని బోర్డు కట్టినప్పుడు, ప్రోగ్రాము రాసింది ఆమె. టైపు కొట్టడానికి నన్ను వెంటబెట్టుకుపోయి, ప్రోగ్రాములో వరుసలు దిద్దడం కూడా నేర్పింది. పొద్దున బస్సులో పక్కపక్కనే కూర్చునేవాళ్లం. మిషను గదిలో ఏసీ ఉండేది, చెప్పులు బయట విడవాలి. ఆమె పైటకొంగు చెవులకు చుట్టుకుని, నోట్లో ఒక లవంగం వేసుకుని పని మొదలుపెట్టేది. లవంగం అయిపోయేదాకా ఎవరు పిలిచినా పలికేది కాదు.

ప్రింటరు పాడుచేసిన కాగితాల వెనకవైపు నాకు తెలుగు అక్షరాలు దిద్దించింది కూడా ఆమే. మా ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం, చదువంతా అరవం. ఇప్పుడెందుకు ఈ అక్షరాలు అని నేను సణిగితే, "క యాడ, గ యాడ? ఆ తేడా నీ కంటికి తెలియాల మే," అనేది. అదేదో భాషాభిమానం అనుకున్నాను. కాదు, అది ఆమె ఉద్యోగం.

మా దగ్గరికి వచ్చే రోగుల పేర్ల చీటీలన్నీ అరవంలో ఉండేవి. ఆ లిపిలో కకూ గకూ ఒకటే అక్షరం, పకూ బకూ ఒకటే. మా వీధిలో గోవిందు పెళ్లాం బాలమ్మ, కోటయ్య పెళ్లాం పాలమ్మ ఇద్దరూ ఒకే ఈడువాళ్లు. ఇక్కడి అలవాటు ప్రకారం ఇంటిపేరు వదిలేసి మొగుడి పేరులో మొదటి అక్షరం ముందు పెడితే, చీటీ మీద ఇద్దరూ కో. పాలమ్మే. అందుకని టీచరమ్మ ప్రోగ్రాములో ఒక అడ్డం పెట్టింది. పేరూ ఊరూ కలిస్తే మిషను ఆగిపోయి ఇంటిపేరేమిటని అడుగుతుంది. జవాబు కొట్టేదాకా కదలదు. "పోగు తెగితే మగ్గం ఆపల్లా. ఇదీ అంతే," అనేది.

ఇంకో పట్టింపు ఉండేది ఆమెకు. ప్రోగ్రాములో ఒక్క వరుస మార్చినా, పైన మూడు మాటలు రాయాలి: రాసినది ఎవరు, మార్చినది ఎవరు, మార్చమన్నది ఎవరు. ఓనరు నవ్వేవాడు, ఇదేమైనా ఇల్లమ్మే పత్రమా అని.

ఆమె పేర్ణాంబట్టులో చెల్లెలింటికి పోయి సెలవులో ఉన్న రోజు, కౌంటరు ముందు జనం వీధిదాకా నిలబడ్డారు. మిషను మాటిమాటికీ ఆగి ఇంటిపేరు అడుగుతోంది. ఓనరు నా వెనక నిలబడి ఆ ప్రశ్న తీసేయమన్నాడు. టీచరమ్మ వచ్చినాక అని నసిగాను. "ల్యాబు నాదా, ఆమెదా?" అన్నాడు. తీసేశాను. రెండు నిమిషాల పని. పైన ఏమీ రాయలేదు.

ఆ వారంలోనే పాలమ్మ చక్కెర లెక్క బాలమ్మ కార్డులోకి పోయింది. డాక్టరు రిపోర్టు చూసి, లేని చక్కెరకు మాత్రలు రాశాడు. బాలమ్మ మగ్గం గుంటలోనే సోలిపోయింది. వేలూరు ఆసుపత్రికి తీసుకుపోతుంటే కాట్పాడి దాటకముందే ప్రాణం పోయింది.

ఓనరు టీచరమ్మను ఆ ఇంటికి తీసుకుపోయి వాకిట్లో నిలబెట్టాడు. ప్రోగ్రాము ఈమెదే, నాకేం తెలుసునని అందరి ముందూ చెప్పాడు. బాలమ్మ కొడుకులు ఆమె మొహాన ఉమ్మినంత పని చేశారు. ఆమె నా వైపు చూడలేదు. నా పేరు చెప్పలేదు. మరుసటి రోజు ఆమెను ఉద్యోగం నుంచి తీసేశారు. వీధిలో పిల్లలను ట్యూషనుకు పంపడం మానేశారు, కొళాయి దగ్గర ఆమె బిందె పక్కన బిందె పెట్టడం మానేశారు. మళ్లీ వేలూరులో ఇంకో చోట పని దొరికేదాకా ఏడాది పట్టింది. ఓనరు ఇంకో రెండు ల్యాబులు తెరిచాడు.

నేను మాత్రం ఆ కుర్చీలోనే ఉన్నాను. ఇంట్లో గడవదని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమే, కానీ అంతకంటే పెద్ద నిజం భయం. ఆమె ఇంటికి పోయి కాళ్ల మీద పడితే లేపి ఒక్క మాట అంది. "నేను చెప్తే చాడీ అవతాది. చేసినదానివి నువ్వు, నువ్వే రాయల్లా. తీసేయమన్న ఆయప్పను కూడా వదలొద్దు." ఓర్చుకున్న మనిషని మీరు అనుకుంటున్నారు. ఓర్చుకోలేదు. కాచుకుని ఉంది. అప్పటినుంచి ఈ ఆరేళ్లలో బస్‌స్టాండులో ఎప్పుడు కనిపించినా, బాగున్నావా అని కూడా అనకుండా, "రాసినావా?" అని అడిగేది. ఇంకా లేదనేదాన్ని. ఆమె తన బస్సు ఎక్కేది. కిందటి నెల కూడా అడిగింది.

ఆమె బతికుండగా రాయలేదు. ఆ పాపం నాదే, దానికి ఓనరును అడ్డం పెట్టుకోను. ఆయన పాపం ఆయనకు వేరే ఉంది, అది ఆయనకు ముట్టాల్సిందే. మెత్తబడమని ఎవరూ నాకు చెప్పకండి. బాలమ్మ కొడుకులూ చిన్నప్పుడు ట్యూషనులో టీచరమ్మ దగ్గర తెలుగు అక్షరాలు దిద్దినవాళ్లే, ఈ కాగితం వాళ్ల చేతికీ వస్తుంది. నా ఉద్యోగం ఈ రోజుతో సరి, అదీ నాకు తెలుసు. ఆమె నేర్పిన పద్ధతిలోనే రాస్తున్నాను.

రాసినది: టీచరమ్మ. తప్పు లేకుండా రాసింది.

మార్చినది: నేను.

మార్చమన్నది: ఈ కాగితం ఇప్పుడే మీ చేతికిచ్చినాయన.

ఒకసారి తలెత్తి పందిరి వాకిలి వైపు చూడండి. తెల్లచొక్కా వేసుకుని, వచ్చినవాళ్లందరికీ రెండు చేతులతో, ఇంకా పంచుతూనే ఉంటాడు.