మద్దిలేటి గడ్డం
ఓర్వకల్లు బస్టాండు పక్కన సెల్‌ఫోన్లు బాగుచేసే మద్దిలేటి గడ్డం గుప్పిటికి అందేంత పెరిగింది. స్క్రూ తిప్పేటప్పుడు అది అడ్డం పడకుండా ఎడమచేత్తో పక్కకు నొక్కి పట్టుకుంటాడు. దురద పుడితే స్క్రూడ్రైవరు పిడితోనే గోక్కుంటాడు. వచ్చినవాళ్లు "ఏమప్పా, మొక్కుబడా?" అంటే ఊరికే తలూపుతాడు. నిజానికి భార్య తనూజకు ఆరో నెల. కడుపుతో ఉన్న ఆడదాని మొగుడు వెంట్రుక తీయించుకోకూడదని తల్లి రామలక్ష్మమ్మ పట్టు. పోయినేడు తనూజకు కడుపు పోవడానికి వారం ముందే అతను క్షవరం చేయించుకున్నాడని ఆమె మరిచిపోలేదు, అతన్నీ మరిచిపోనివ్వదు. తనూజకు అదంతా చాదస్తం. పైగా ఆ గడ్డంలోని చెమట వాసనకు కడుపులో తిప్పుతుంది.

"రేపు స్కానింగుకు ఈ గడ్డంతో వస్తే నీ ఎంబడి నేను రాను" అని మొన్న తెగేసి చెప్పింది. ఆ సాయంత్రమే మద్దిలేటి సెలూనుకు పోయి కుర్చీలో కూర్చున్నాడు. గడ్డం మీద నీళ్లు చల్లించుకున్నాడు. కత్తెర చప్పుడు వినగానే "వద్దులేప్పా" అని, మెడకు కట్టిన గుడ్డ కూడా విప్పకుండా ఇంటికి వచ్చేశాడు. వాకిట్లో ఆ గుడ్డను చూసి, గడ్డం కొసలైనా కత్తిరించి ఉంటారనుకుని రామలక్ష్మమ్మ "మళ్లీ అదే పని చేసొచ్చినావేమిరా!" అంటూ కూలబడింది. తనూజ అతన్ని గదిలోకి లాక్కుపోయి తలుపు వేసింది. తడి గడ్డమంతా వేళ్లతో తడిమింది.

"కత్తెర తగల్లేదు గదా?" అని గుసగుసగా అడిగింది.

లేదన్నాడు. ఆమె కడుపు మీద చేయి వేసుకుని ఊపిరి వదిలింది. తర్వాత మొహం పక్కకు తిప్పుకుంది.

"దూరం పో. వాసనొస్తాండాది."