అబ్సలం తాత ఓటు

ఓటంటే అబ్సలం తాతకు గొంతుతో పని. వర్జీనియాలో ఓటు చాటుగా వేసేది కాదు. కోర్టు అరుగు మీద షెరీఫ్ ముందు నిలబడి ఎవరికి వేస్తున్నామో పైకి చెప్పాలి. చెప్పగానే ఆ అభ్యర్థి లేచి వంగి సలాము చేస్తాడు. ఆ సలాము కోసమే తాత బతికేవాడు. ఎన్నికలకు వారం ఉందనగానే ఆపిల్ సారా వెచ్చబెట్టి పుక్కిలించి, తన ఓటు పందులకు వినిపించేవాడు. పందులు ఏనాడూ కాదనలేదు.

ఈసారి ఓటు, అమెరికాకు కొత్త రాజ్యాంగం కావాలో వద్దో తేల్చే సభకు మనిషిని పంపడానికి. "ప్రజలమైన మేము" అన్న దాని మొదటి మాటలు తనను చూసే రాశారని తాత నమ్మకం. ఇంగ్లండు రాజుతో యుద్ధంనాటి కోటులోకి పొట్టను కుక్కుకుని అరుగెక్కి నోరు తెరిచాడు.

"షెరీఫు గారూ, మా నాన్నకు ఓటు లేదండీ," అన్నాడు వెనకనుంచి కొడుకు డ్రూరీ. "పొలం, బానిసలు అన్నీ మొన్న కోతలప్పుడే నా పేర రాసిచ్చేశాడు. భూమి లేనివాడికి ఓటెక్కడిది?"

"నేను రాసిచ్చింది పొలంరా, నోరు కాదు."

"పొలంతోపాటే నోరూ వచ్చేసింది నాన్నా. జరుగు, వెనక జనం ఉన్నారు."

అరుగంతా నవ్వింది. తాత మెచ్చిన అభ్యర్థి సలాముకని సగం వంగినవాడు, అలాగే మేజోడు సర్దుకుని కూర్చున్నాడు. డ్రూరీ రాజ్యాంగం వద్దన్నవాడికి ఓటు చెప్పి సలాము అందుకున్నాడు.

తాత మెట్లు దిగి గుర్రాల దగ్గరికి వచ్చాడు. అక్కడ బల్ల మీద కూర్చున్న బానిస పాంపీ చోటిస్తూ కాస్త జరిగాడు.

"లేవరా," అన్నాడు తాత.

పాంపీ అరుగు మీదున్న డ్రూరీ వంక చూశాడు. డ్రూరీ తల ఊపాక లేచాడు.